వండి చూడని మూట

సిరుగుప్ప బజారులో దాదాపీర్ ముప్పై ఏళ్లుగా బియ్యం మూటలు మోస్తున్నాడు. పేదలకని ఎవరు బియ్యం ఇచ్చినా పంచేది అతనే. పంచేముందు ప్రతి మూటలోంచి పిడికెడు తీసి, వండించి, తిని చూస్తాడు. కళ్లు మూసుకుంటే తప్ప నువ్వు తీసుకోలేనిదాన్ని ఇంకొకరికి ఇవ్వొద్దని ఖురాన్‌లో ఉందని తండ్రి చెప్పాడు. అతనికి అదొక్కటే గుర్తుంది.

రంజాన్ నెలలో కాలువ గట్టున ఆరు గుడిసెలు కాలిపోయాయి. మరునాటి మధ్యాహ్నం మిల్లు యజమాని ఖలందర్ సాబ్ ఆరు మూటలు పంపాడు. దాదాపీర్ రోజా ఉపవాసంలో ఉన్నాడు.

"వండి ఇస్తా. నాలిక మీద పెట్టి, మింగకుండా ఊంచెయ్. దానికి మాఫీ ఉండాది" అంది భార్య మౌలాబీ.

"ఇరవై రోజాలు మచ్చ లేకుండా ఉండా. ఈ పొద్దు చెడగొట్టుకోవాల్నా?"

మూతులు విప్పి చూశాడు. పైన తెల్లటి సన్నబియ్యం. పంచేశాడు. మిల్లు మనిషి ఒక్కొక్కరి చెయ్యీ మూటమీద పెట్టించి ఫోటోలు తీశాడు.

సాయంత్రం దాదాపీర్ గుడిసెలకు తడికెలు కడుతుండగా అజాన్ వినిపించింది. ఇల్లు కాలిన హంపమ్మ పళ్లెం తెచ్చింది.

"ఒక్కపొద్దు ఇడువు దాదాపీరన్నా. నువ్వు తెచ్చిన బియ్యమే."

ముద్ద పెట్టుకున్నాడు. ముక్కిన కంపు. మింగేశాక చూశాడు, మెతుకుల మధ్య పురుగుల తలలు.

"పిల్లోల్లు తిన్యారా?"

"తిని కక్కినారన్నా. నిన్న పొగ మింగినారు కదా, దానికేమో."

మూట అడుగుదాకా చెయ్యి పెట్టాడు. ఉండకట్టిన నూక, ఎలుక పెంట. పొద్దున్నుంచి శుభ్రంగా కాపాడుకున్న తన నోటిమీదే ఎక్కువ రోత కలిగింది.

ఆ మూట, ఆ పళ్లెం ఖలందర్ సాబ్ ఇంటికి తీసుకెళ్లాడు. కింద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, బిర్యానీ. వాటి మధ్య పళ్లెం పెట్టాడు.

"ఒక్క ముద్ద తిను సాబ్."

ఖలందర్ ముక్కు మూసుకున్నాడు. "ఏందప్పా ఇది, తినేకాడ! పదిసార్లు కడిగితే కంపు పోతాది. కాలిపోయినోల్లకి సోనామసూరి కావాల్నా ఏంది?"

"మీ ఇంట్లో వండేది యాడుండాది?"

ఖలందర్ చూపు వెనక గదివైపు పోయింది. దాదాపీర్ అందులోకి పోయి, ఒక మూట విప్పి, నాలుగు గింజలు నమిలి, భుజానికెత్తుకున్నాడు.

"ఇంగా ఐదుసార్లు వస్తా సాబ్. తలుపెయ్యద్దు."

రుచి చూడకుండా పంచిన ఆనాటి రోజా చెల్లలేదనుకున్నాడు. పండగ అయ్యాక దాని బదులు ఇంకొకటి ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే ఎవరో మూట పంపారు. మౌలాబీ పిడికెడు వండి తెచ్చింది. నాలుక మీద పెట్టి చూసి, ఊసేశాడు.