రాళ్ళు ఏరిన బీడు

గొర్రెలాయన నేల చూస్తే ఎవరికైనా ముందు జాలి వేస్తుంది, ఆ తర్వాత నవ్వొస్తుంది. పైనంతా గులకరాళ్ళు. గోలీకాయంతవి కొన్ని, గుప్పిట్లో పట్టనివి కొన్ని. వాటి కింద జానెడు ఎర్రటి ఇసుక. ఇసుక కింద సున్నంలా తెల్లగా గడ్డకట్టిన పొర. గునపం వేస్తే ఖంగుమంటుంది తప్ప దిగదు. దున్నడానికి పనికిరాదు, కుండ చెయ్యడానికీ పనికిరాదు. అయినా ఆ రాళ్ళ సందుల్లోంచే గడ్డి దుబ్బులు లేస్తాయి. చూడడానికి అరిగిపోయిన చీపుళ్ళలా ఉంటాయి. గొర్రెకి మాత్రం అదే ప్రాణం.

ఆ నేల మర్మం ఆయనకు తెలియంది కాదు. చిన్నప్పుడే తండ్రి ఒక రాయిని పక్కకి దొర్లించి, "చెయ్యి పెట్టి చూడరా" అన్నాడు. వాన కురిసి చాలా రోజులైనా రాయి కింద ఇసుక చల్లగా, చెమ్మగా ఉంది. తెల్లటి సన్నని వేరొకటి ఆ చెమ్మని వెతుక్కుంటూ పాకుతోంది. "ఇది నేల కప్పుకున్న దుప్పటి. మనం లాగకూడదు" అన్నాడు తండ్రి.

దొడ్డి వెనక, దారి పక్కన, ఆ బీడులోనే ఒక ముక్కకి ముళ్ళకంప అడ్డంవేసి మందని తోలకుండా ఆపుతారు. చూడి గొర్రెలు ఈనే రోజుల్లోనే కంప తీస్తారు. ఈనిన తల్లికి ఆ గడ్డి దొరికితేనే పాలు, పాలుంటేనే పిల్ల. ఆయన తండ్రి బతికింది ఆ ముక్క మీదే. ఆయనా అంతే.

ఆయన భార్యకి ఒక అన్న. వాగు దిగువన నల్లనేల, బోరు, ఎప్పుడు చూసినా పచ్చగా ఉండే పొలం. మనిషి చెడ్డవాడు కాదు గానీ నోటికి కళ్ళెం లేదు. ఎండలు ముదరకముందు ఆ బావ ఇంటికి కొత్త వసారా వేయించుకుని బంధువుల్ని పిలిచాడు. భోజనాలయ్యాక ఎవరో పెద్దమనిషి గొర్రెలాయన్ని పలకరించి, నీకు నేల ఎంతుంది, ఎలాంటిది అని అడిగాడు. ఈయన నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

"మా బావకేం తక్కువ! దేవుడు కంకర క్వారీ రాసిచ్చాడు. గొర్రెలకి రాళ్ళు మేపుతాడు. అవి ఈనితే గుండ్రాళ్ళు పుడతాయి."

"మరి పాలో అన్నయ్యా?" అంది లోపల్నుంచి ఒకావిడ.

"పాలెక్కడివమ్మా, సున్నం!"

వసారా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా గొర్రెలాయనే నవ్వాడు. నవ్వుతూ గుమ్మం వైపు చూస్తే, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఆయన భార్య కూడా నవ్వుతోంది. బావ మాటని ఆయన దులిపేసుకునేవాడే. ఆ నవ్వు మాత్రం ముల్లులా లోపలే విరిగిపోయింది.

నల్లనేల మీద పుట్టడం ఎవరి గొప్పా కాదు. కానీ పండే నేల మీద కూర్చున్నవాడు ఆ పంటంతా తన తెలివే అనుకుంటాడు. పండని నేల మీద నిలబడ్డవాడు ఆ ఎండంతా తన చేతకానితనమే అనుకుని తల దించుకుంటాడు. మొదటివాడి వల్ల లోకానికి కాస్త చిరాకు, అంతే. రెండోవాడు తన కొంప తానే ముంచుకుంటాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన పారా తట్టా పట్టుకుని కంప దాటి లోపలికి వెళ్ళాడు. దారిన పోయేవాళ్ళందరి కంటా పడేది ఆ ముక్కే. అక్కడి రాళ్ళు గీకడం మొదలుపెట్టాడు. పార చప్పుడు విని భార్య పరుగున వచ్చింది.

"ఇదేం పనయ్యా, ఆపిన గడ్డి దగ్గరా?"

"శుభ్రం చేస్తున్నా. నేలన్నాక నేలలా కనబడొద్దూ?"

"మీ నాన్న చూస్తే కాళ్ళు విరగ్గొట్టేవాడు."

"మా నాన్నకి బావమరుదులు లేరులే."

మొగుడి మనసులో ఏదో పడిందని ఆమెకి అర్థమైంది. అదేమిటో అడగడానికి మొహం చెల్లలేదేమో, తనూ ఒక తట్ట అందుకుంది. ఏరిన రాళ్ళతో దారి వైపు నడుమెత్తు గోడ లేచింది. ట్రాక్టరు డ్రైవరొకడు బండి ఆపి మరీ, "మామా, నీ బీడు గడ్డం గీయించుకున్నట్టుందే!" అన్నాడు. ఆ మాటకి గొర్రెలాయన రెండు పూటలు అన్నం రుచిగా తిన్నాడు.

ఆ ఏడు వాన మోసం చెయ్యలేదు. బాగానే కురిసింది. రాళ్ళ మీద పడి చితికి, మెల్లగా లోపలికి దిగాల్సిన చినుకులు, ఒళ్ళు బయటపడ్డ ఇసుకని కొట్టి కొట్టి మెత్తాయి. పైన అలికినట్టు పలచటి పొర కట్టింది. నీళ్ళు దిగే దారి లేక గోడ కింద నుంచి పాయలు పాయలుగా దారిలోకి పోయాయి. ఆ తర్వాత ఎండ, దాని వెనకే గాలి. పొర పెచ్చులుగా లేచింది, ఇసుక ఎగిరిపోయింది. గడ్డి దుబ్బులు వేళ్ళు బయటపడి, చిగుళ్ళు జారిన ముసలిపళ్ళలా నిలబడి ఊగాయి. గోడకి అవతల, రాళ్ళున్న బీడు పచ్చబడింది. కానీ అది మంద రోజూ తిరిగే చోటు. మొలిచింది మొలిచినట్టే కొరుక్కుపోతోంది.

మొదటి గొర్రె ఈనింది. పిల్ల తల్లి పొదుగుని కుమ్మి కుమ్మి, నోట్లో చుక్క పడక, అరవడం కూడా మానేసింది. ఇంకా ఈనాల్సినవి వెనక వరసగా ఉన్నాయి.

"మా అన్నని అడుగు. కోసిన పొలంలో కొయ్యకాళ్ళున్నాయి, పచ్చి తీగలున్నాయి" అంది భార్య.

"చచ్చినా అడగను."

"చచ్చేది నువ్వు కాదు కదయ్యా, అవి."

ఆయన వెళ్ళాడు. బావ వసారాలో మోటారు విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. సంగతి విని తలెత్తాడు.

"తోలుకురా, దానికి అడగాలా? అది సరే, ఆపిన గడ్డి ఏమైంది బావా? వాన బాగానే పడిందిగా."

వాన మీదికి తొయ్యడానికి లేదు. నిజం నాలుక దాకా వచ్చింది. దాని కన్నా ముందు అబద్ధం బయటికి దూకింది.

"మేకలాయన మేకలు పడ్డాయి. కంప తోసి మొత్తం గీకేశాయి."

మేకలాయన పైబీడులో ఉండే ముసలాయన. ఎవరి జోలికీ పోడు. కానీ బావ అప్పటికే చేతులు తుడుచుకుని లేచాడు.

"ఈనే గొర్రెల గడ్డా? వాడి సంగతి ఇవాళే తేల్చేస్తా. ఎక్కు బండి!"

"వద్దులే బావా, పెద్దాయన..."

"నీ మెతకతనం చూసే కదా అందరూ నెత్తికెక్కేది. ఎక్కమంటుంటే!"

మోటార్‌సైకిల్ వెనక కూర్చుని గొర్రెలాయన దారి పొడుగునా నోరు తెరుస్తూ, మూస్తూ ఉన్నాడు. చెప్పాలనుకున్నప్పుడల్లా ముందు కనిపిస్తున్న బావ వీపు ఆపేసింది. తన కోసం ఒకరు ఇంత కోపం తెచ్చుకోవడం ఆయనకి అదే మొదటిసారి.

ముసలాయన గుడిసె ముందు మేకపిల్లకి పెరిగిన గిట్టలు చెక్కుతున్నాడు. బావ బండి దిగకముందే తిట్లు ఎత్తుకున్నాడు. ముసలాయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొర్రెలాయన మొహంలోకి చూసి, మెల్లగా అడిగాడు.

"నావేనా బాబూ? నువ్వు చూశావా?"

ఆ ముసలి గొంతులో కోపం లేదు. తనవే అయ్యుంటాయేమోనన్న భయం ఉంది. తప్పు తనదే కావచ్చని ముందుగా ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్న ఆ మొహం గొర్రెలాయనకి బాగా తెలుసు. వసారాలో తను వేసుకుని కూర్చున్న మొహమే అది.

"కాదు" అన్నాడు. "మేకలు కాదు బావా. నేనే రాళ్ళు ఏరేశాను. ఇసుక కొట్టుకుపోయింది."

"ఏరేశావా? ఎందుకు?"

"చూడ్డానికి... బాగుంటుందని."

బావ నోరు తెరిచాడు. ఆయన నవ్వుతాడనే అనుకున్నాడు గొర్రెలాయన. నవ్వితే బాగుణ్ణనిపించింది. బావ నవ్వలేదు. మొహమంతా ఎర్రబడి, ముసలాయనకి దణ్ణం పెట్టి, బండి తాళం కోసం జేబులన్నీ తడుముకున్నాడు. తాళం బండికే ఉంది.

ఆ సాయంత్రమే చూడి గొర్రెలు నల్లనేలలోకి దిగాయి. పాలు లేని తల్లిని పట్టుకుని, దాని పిల్లని చంకనెత్తుకుని భార్య ఎలాగో తీసుకొచ్చింది. గొర్రెలాయన గట్టు మీద కూర్చోకుండా మంద వెనకే నడుస్తూ, కోసిన మోళ్ళ మధ్య ఊరికే అటూ ఇటూ తిరిగాడు. కొన్నాళ్ళకి మేకలాయన మందని వాగుకి తోలుకుపోతూ గట్టు మీద ఆగాడు.

"ఏం బాబూ, పాలు పడ్డాయా తల్లికి?" అని కేకేసి అడిగాడు.

"పడ్డాయి" అన్నాడు గొర్రెలాయన, నేల వైపే చూస్తూ. ముసలాయన ఇంకేమైనా అంటాడేమోనని, మేకల గంటలు వాగు దాటి వినబడకుండా పోయేదాకా అలాగే నిలబడ్డాడు.