నాము చేను

కంబదూరుకు రెండు మైళ్ల దూరాన తిమ్మక్కకు పదకొండు ఆవులుండేవి. నెయ్యి కళ్యాణదుర్గం సంతకు, కోడెదూడలు సేద్యగాళ్లకు. భర్త పోయిన తర్వాత పన్నెండేళ్లుగా ఆమె బతుకు ఆ మందమీదే నడిచింది. ఉన్న మేతకు తగినన్ని ఆవులనే ఉంచుకోవాలన్నది ఆమె నియమం. ఏటా జొన్న కోతలయ్యాక చొప్ప వామిని తాడుతో కొలిచి, ఆగస్టు దాకా ఎన్ని పశువులకు చాలుతుందో తేల్చి, మిగిలినవాటిని అమ్మేసేది.

1965లో ఆ లెక్క చాలలేదు. జూన్‌లో విత్తిన జొన్న మోకాలెత్తున ఎండిపోతే రైతులు కోసి మేపేశారు. ఆగస్టు చివర ఒక్క వాన కురిసింది. కోసిన మోళ్లనుంచి జానెడు పచ్చని పిలకలు లేచాయి. తిమ్మక్క వామిలో నాలుగు రోజుల మేత మిగిలింది. ఆవులను కొనేవాడు లేడు.

పక్క చేను రైతు సుంకన్న గట్టుమీదినుంచి పిలిచాడు.

"ఏమక్కా, ఆవులు ఎముకలై పోతాండాయి. నా చేన్లో ఇడిసిపెట్టు."

"నాము ఉండాది సుంకన్నా."

"వాన పడె గదా, ఇంకా యాడి నాము?"

"అట్లయితే నీ ఎద్దుల్ని ఏల ఇడవలేదు?"

సుంకన్న నవ్వి తల గోక్కున్నాడు.

వానలేక వాడిన జొన్న మళ్లీ చిగిర్చినప్పుడు లేత పిలకల్లో పుట్టే విషమే నాము. 1952లో అలాంటి చేలో పావుగంట మేసిన మూడు ఆవులు గట్టు దాటకుండానే చచ్చాయి. ఆ రోజు వాటిని తోలుకుపోయింది తిమ్మక్కే. ఎండిన చొప్ప పశువును చంపదని ఆమెకు తెలుసు. ఈ పిలకలు ఎండితే విషం పోతుందో లేదో ఊళ్లో ఎవరూ చూడలేదు.

"మేపను. కోసుకుంటా, ఇస్తావా?"

"కోసుకో అక్కా. ఎండితే పిడికెడు గూడా మిగలదు."

"మిగిలినంతే పెడతా."

మూడు రోజులు కోసింది. బండమీద పలుచగా పరిచి, పూటకొకసారి తిరగేసింది. కాడ టక్కున విరిగేదాకా ఎత్తకూడదనుకుంది. వామి నిండుకున్నాక ఆవులకు తుమ్మకాయలు, వేపాకు వేసింది. ఏడో రోజున ఒక ముసలి ఆవు పడి, మళ్లీ లేవలేదు. కొన ఊపిరితో ఉన్న దాని పక్కన కూతురు మారెక్క కూర్చుంది.

"పచ్చిదన్నా రెండు గుప్పిళ్లు పెట్టమ్మా."

"దీన్ని పోగొట్టుకుంటాండా మారెక్కా. మందను పోగొట్టుకోను."

తొమ్మిదో రోజు కాడ విరిగింది. తిమ్మక్క మొదట ఒక్క గొడ్డుటావుకే పిడికెడు పెట్టి, పొద్దు వాలేదాకా దాని ఎదుటే కూర్చుంది. అది నెమరు వేస్తూనే ఉంది. మర్నాడు బతికున్న పదింటికీ పంచింది.

సుంకన్న వచ్చి దొడ్డిలో ఆవులను ఒకటొకటిగా చూశాడు.

"నా చేను ఆ చివర గూడా కోసుకో అక్కా."

"నీ ఎద్దులకు గూడా కలిపి కోస్తా," అంటూ తిమ్మక్క కొడవలి అందుకుంది. "బండమీద తిరగేసేది మాత్రం నువ్వే."