ఆసుపత్రి మలుపు దగ్గర మాట

అద్దెకార్ల కంపెనీ షెడ్డులో అందరూ అతన్ని మెత్తన్న అంటారు. బండి అంత మెత్తగా నడుపుతాడు మరి. అతని కారెక్కినవాళ్ళు కడుపులో చల్ల కదలకుండా విమానాశ్రయం చేరతారు. సగంమంది దారిలోనే గుర్రు పెడతారు. నిద్రపోయేవాళ్ళతో మాటలేముంటాయి? అందుకే మెత్తన్నకు ఇంగ్లీషు రాదన్న సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ పట్టలేదు, అతనితో సహా.

కొత్తగా వచ్చిన మేనేజరుకు పట్టింది. విమానాశ్రయం కార్లు నడిపేవాళ్ళంతా ఇంగ్లీషులో నోటి పరీక్ష నెగ్గాలన్నాడు. ప్రయాణికుడితో నాలుగు ముక్కలు మాట్లాడగలిగితే కారు, లేకపోతే హోటళ్ళ దుప్పట్లు మోసే వ్యాను. రెండింటికీ స్టీరింగే కదా అని మీరనవచ్చు. మెత్తన్న దగ్గర మాత్రం అనకండి. దుప్పటి మూటల్ని మెత్తగా తీసుకెళ్తేనేం, ఎత్తి కుదేస్తేనేం? ఉన్న ఒక్క గొప్పా మూటల పాలవుతుందని అతని గుండెల్లో రాయి పడింది.

భార్య మాత్రం నడుం బిగించింది. ఆమె చిన్నపిల్లల బడిలో ఆయా. గోడమీద బస్సు, రైలు, ఓడ బొమ్మలు చూపిస్తూ పిల్లలు రోజూ అరిచే పేర్లు వినీ వినీ ఆమెకు నోటికొచ్చేశాయి. మిగతా మాటలు టీచరును బతిమాలి నేర్చుకుంది. ఇంట్లో మొగుణ్ణి పాఠానికి కూర్చోబెడితే ఆవులింతలు తప్ప ఏమీ రాలేదు. పొద్దున్నే కారులో ఆమెను బడి దగ్గర దింపి అతను డ్యూటీకి వెళ్తాడు కనుక, చదువు ఆ దారిలోకి మారింది. ఆమె వెనక సీట్లో కాలుమీద కాలేసుకుని దర్జాగా కూర్చునేది.

"ఏమయ్యా డ్రైవరూ, నా సామానెక్కడ?"

"డిక్కీలో ఉంది తల్లీ."

"ఇంగ్లీషులో ఏడవండి."

అతను తప్పు పలికినప్పుడల్లా ఆమె పకపకా నవ్వేది. అయినా చేతులు స్టీరింగు మీదుంటే మెత్తన్న బుర్ర కూడా పనిచేసేది. పెట్రోలు బంకు దాటగానే లగేజి. వంతెన కింద డిపార్చర్. ఆసుపత్రి మలుపు దగ్గర బళ్ళెప్పుడూ ఆగిపోతాయి కనుక అక్కడ డిలే. ఒక్కో మాటనీ ఒక్కో చోట దింపి, మర్నాడు అక్కడే మళ్ళీ ఎక్కించుకున్నాడు. కొన్నాళ్ళకు మాటలేమిటి, వాక్యాలే తడుముకోకుండా వచ్చేశాయి. భార్య మురిసిపోయింది. "మా పిల్లలకన్నా మీరే నయం" అంది. అతనూ పొంగిపోయాడు, దాచుకోవడమెందుకు.

పరీక్ష గదిలో జరుగుతుందని ఇద్దరికీ తెలుసు. గదిలో రోడ్డుండదన్న ఆలోచన మాత్రం ఇద్దరికీ రాలేదు.

మేడమీద చిన్న గది. బల్లకు అటువైపు పరీక్ష పెట్టే అమ్మాయి, ఆమె పక్కన మేనేజరు. ఆ అమ్మాయి మర్యాదస్తురాలే. నవ్వుతూ కూర్చోమంది.

"విమానం ఆలస్యమైందనుకోండి. ప్రయాణికుడికి ఇంగ్లీషులో ఎలా చెబుతారు?"

అతనికి తెలుసు. ఆ మాట ఆసుపత్రి మలుపు దగ్గరుందని కూడా తెలుసు. ఈ కుర్చీలోంచి అక్కడికి వెళ్ళేదెలా? కళ్ళు మూసుకుని మనసులోనే ఇంటిదగ్గర బయల్దేరాడు. పెట్రోలు బంకు దాటాడు, లగేజి వచ్చింది. వంతెన దాకా పోకముందే ఆమె రెండో ప్రశ్న వేసింది. మళ్ళీ మొదటికొచ్చాడు. బల్ల కింద అతని కుడికాలు గట్టిగా బ్రేకు తొక్కుతోంది.

"ఒక్క మాట మేడమ్..." అన్నాడు. నన్ను బండిలో కూర్చోబెట్టి అడగండి, అన్నీ చెబుతాను, అనాలి. అంతే. మేనేజరు తలెత్తి చూశాడు. ఈ ముక్క విని ఇతనెలా పడీపడీ నవ్వుతాడో, సాయంత్రానికి షెడ్డంతా ఎలా చెప్పుకుంటారో మెత్తన్న కళ్ళకు కట్టింది.

"చెప్పండి, ఏం కావాలి?" అంది అమ్మాయి.

"ఏం లేదు మేడమ్. మంచినీళ్ళు."

సాయంత్రం కారు తాళాలు అప్పగించి బస్సులో ఇల్లు చేరాడు. భార్య అతని ఖాళీ చేతులు చూసింది.

"అన్నీ నోటికొచ్చినవేగా! ఏమయ్యాయి?"

జరిగింది చెప్పాడు. చెప్పేటప్పుడు ఆమె మొహంకేసి చూడలేకపోయాడు.

"బండిలో అడగండని ఆ ఒక్క మాటా అనలేకపోయారా?"

"నవ్వుతారే."

"నవ్వితే నవ్వనీయండి! నా దగ్గర రోజూ నవ్వించుకోలేదూ?" అంది, అని అక్కడే కూలబడి ఏడ్చింది. మొగుడిమీద కోపమో, తన చదువు మట్టిపాలైందన్న దుఃఖమో, ఆమెకే తెలియదు.

మర్నాడు ఇద్దరూ బస్సులో వెళ్ళారు. ఆమెను బడికి, అతన్ని దుప్పట్ల వ్యాను దగ్గరకు తీసుకెళ్ళే దారి అదే. బస్సు డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడల్లా నిలబడ్డవాళ్ళు ఒకరిమీద ఒకరు పడుతున్నారు. పెట్రోలు బంకు వచ్చింది, లగేజి వచ్చింది. వంతెన వచ్చింది, డిపార్చర్ వచ్చింది. నిన్న ఏ గంగలో దూకారర్రా అని మెత్తన్న వాటిని మనసులోనే తిట్టాడు.

ఆసుపత్రి మలుపు దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు సీట్లో పెద్దాయన, "ఎందుకాగిందయ్యా?" అని గట్టిగా అడిగాడు. మెత్తన్న నోరు దానంతటదే తెరుచుకుంది.

"సర్, ది ఫ్లైట్ ఈజ్ డిలేడ్. ప్లీజ్ వెయిట్."

బస్సంతా గొల్లుమంది. పెద్దాయన వెనక్కి తిరిగి చూసి మరీ నవ్వాడు. ఎవరో "విమానం ఎప్పుడెగురుతుంది సార్?" అన్నారు, ఇంకోసారి నవ్వారు. తర్వాత పెద్దాయన కిటికీలోంచి బయటికి చూడసాగాడు, మిగతావాళ్ళు ఎవరి కబుర్లలో వాళ్ళు పడ్డారు. బస్సింకా కదలనే లేదు.

మెత్తన్న అందరి మొహాలూ చూశాడు. ఎవరూ అతనివైపు చూడటంలేదు.

"ఇంతేనా?" అన్నాడు భార్యతో. "నవ్వడమంటే ఇంతేనా?"

ఆమె బడి వచ్చేదాకా అతని చెయ్యి పట్టుకునే నిలబడింది.