బటన్ నొక్కని ఎక్స్‌రే మావయ్య

ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పేసుకోవడం ఎక్స్‌రే మావయ్యకున్న ఒకే ఒక్క జబ్బు. ఎదురింటాయన స్కూటరుతో వచ్చి మావయ్య గేటుని గుద్దితే, "తప్పు నాదేనండీ, గేటు మరీ రోడ్డు పక్కన పెట్టించాను" అన్నాడు. అత్తయ్య కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే, పలకరించి ఆవిడ ధ్యాస చెడగొట్టింది తనేనన్నాడు. ఆ సమయానికి ఆయన అసలు ఊళ్లోనే లేడు.

ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు ఎక్స్‌రేలు తీసి రిటైరయ్యాడు. అలాంటి మనిషి ఒకరోజు, స్టూడియోలో వీడియోలు ఎడిటింగ్ చేసే మేనకోడలి దగ్గరికొచ్చి, పది రోజుల్లో ఇంటర్వ్యూ తీయడం నేర్పమన్నాడు. ఆసుపత్రిలో కాన్పుల వార్డుకి కొత్త భవనం కట్టారు. నలభై ఏళ్లు ఆ వార్డుని నడిపిన పెద్ద సిస్టర్ కబుర్లు ప్రారంభోత్సవం నాడు తెర మీద చూపించాలి. కానీ ఆవిడకి ఈమధ్య మతిమరుపు మొదలైంది. కెమెరా వాళ్లని పంపుతామంటే, పరాయివాళ్ల ముందు తడుముకుంటూ కూర్చోలేనని ఖండితంగా చెప్పేసింది. చివరికి మావయ్య ఒక్కడికే ఒప్పుకుంది, అదీ ఒక షరతు మీద.

"ఒక్కసారి తడబడ్డానంటే లేచిపోతాను. మళ్లీ అడగొద్దు."

ఆవిడ మాట వినిపించకుండా ఆ వార్డు తలుపులు తెరవకూడదని మావయ్య పట్టుదల.

మేనకోడలికి జాలి తక్కువ, ఓపిక అంతకన్నా తక్కువ. అయినా సరేనంది. మొదటి పాఠానికి అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టారు. మావయ్య "ఊపిరి తీసుకో, బిగబట్టు, కదలకు" అని బటన్ నొక్కి, గబగబా బయటికెళ్లి తలుపేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు మరి. వదలమనేవాళ్లు లేక లోపల అత్తయ్య మొహం కందగడ్డయింది.

"మావయ్యా, ఇందులోంచి కిరణాలేమీ రావు. నువ్వు ఎదురుగా కూర్చుని మాట్లాడాలి" అంది మేనకోడలు.

తప్పు తనదేనంటూ లోపలికొచ్చాడు గానీ, నాలుగో రోజు దాకా బటన్ నొక్కగానే ఆయన కాళ్లు తలుపు వైపే నడిచాయి.

పట్టు మాత్రం వదల్లేదు. కిటికీ వెలుగు మొహం మీద పక్కనుంచి పడేలా కుర్చీ జరపడం, మైకు బట్టకి రాసుకోకుండా పెట్టడం, ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు. రెండు వీడియో ముక్కల మధ్య అతుకు కనబడకుండా చేతుల బొమ్మో వార్డు బొమ్మో వేయడం ఒక పట్టాన కొరుకుడు పడలేదు. దానికోసం అత్తయ్యని పదకొండుసార్లు ఇంటర్వ్యూ చేశాడు. పన్నెండోసారి అడిగితే పుట్టింటికి పోతానని ఆవిడ కెమెరాలోనే చెప్పింది.

అసలు రోజున మేనకోడలికి పని తగలడంతో ఒక్కడే వెళ్లాడు. సాయంత్రం తలొంచుకుని తిరిగొచ్చాడు. బటన్ నొక్కడం మర్చిపోయి, పెద్ద సిస్టర్ చేత అదే కథ ఏడుసార్లు చెప్పించానన్నాడు. మేనకోడలికి ఒళ్లు మండింది. ఇన్ని రోజుల చాకిరీ ఒక్క బటన్ దగ్గర గంగపాలు చేశావంటూ నిలబెట్టి కడిగేసింది. రికార్డవుతున్నప్పుడు వెలిగే కెమెరా ఎర్రదీపం మీద ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. అదెందుకని కూడా తిట్టింది. మావయ్య అన్నిటికీ బుద్ధిగా తలూపాడు.

తీరా చూస్తే కెమెరా కార్డులో ఉన్నది ఒకటే క్లిప్పు, రెండు గంటల పది నిమిషాలు. బటన్ మొదట్లోనే నొక్కాడు. మళ్లీ ముట్టుకోలేదు.

తెర మీద పెద్ద సిస్టర్, కరెంటు పోయిన రోజు టార్చిలైటు వెలుగులో కవలలకి పురుడు పోసిన కథ చెబుతోంది. టార్చి పట్టుకున్న నర్సు పేరు దగ్గర ఆగిపోయింది. మైకు పీకేయబోతూ చెయ్యెత్తింది. సరిగ్గా అప్పుడు మావయ్య గొంతు వినబడింది.

"సిస్టర్ గారూ, తప్పు నాదే. బటన్ నొక్కనేలేదు. ఇప్పటిదాకా చెప్పిందంతా వృథా అయిపోయింది."

ఆవిడ చెయ్యి దించింది. "ఏమయ్యా, ఇంత వయసొచ్చి ఒక్క బటన్ నొక్కలేవా?" అని హాయిగా నాలుగు చీవాట్లు పెట్టి, మళ్లీ మొదట్నుంచీ అందుకుంది. తడబడ్డప్పుడల్లా ఇదే వరస, మొత్తం ఏడుసార్లు. ఏడోసారి నర్సు పేరు దానంతటదే నోటికొచ్చింది. రెండో బిడ్డ ఏడుపు వినబడ్డ క్షణం చెబుతూ ఆవిడ పకపకా నవ్వింది.

మేనకోడలికి తన తిట్లు తలుచుకుని సిగ్గేసింది. మావయ్య మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"దీపం కనబడితే ఆవిడకి తెలిసిపోతుందని ప్లాస్టరు వేశావా?"

"ఊఁ. అతుకులు కనబడకుండా చేయగలమంటావా అమ్మలూ?"

"కనబడనివ్వను" అంది మేనకోడలు, కుర్చీ ముందుకి లాక్కుంటూ.

మూడు రోజులు ఇద్దరూ ఆ కుర్చీలు వదల్లేదు. రెండోసారి చెప్పిన మొదలు, అయిదోసారి చెప్పిన మధ్య, ఏడోసారి చెప్పిన పేరు, నవ్వు కలిపి కుట్టారు.

ప్రారంభోత్సవం నాడు పెద్ద సిస్టర్ తెర మీద పన్నెండు నిమిషాలు ఎక్కడా తడుముకోకుండా మాట్లాడింది. ముందు వరసలో కూర్చున్న పెద్ద సిస్టర్ తల ఎత్తుకుని చూసింది. చప్పట్లు ఆగాక మేనకోడలిని దగ్గరికి పిలిచింది.

"నేను గడగడా చెప్పేశాను, చూశావుగా. మీ మావయ్యే పాపం, బటన్ నొక్కడం చేతకాక ఏడుసార్లు చెప్పించాడు."

పక్కనే మావయ్య నేరస్తుడిలా నిలబడ్డాడు, పరమ సంతోషంగా.

"నేర్పింది నేనే కదండీ సిస్టర్ గారూ. నేనే సరిగ్గా నేర్పలేదు" అంది మేనకోడలు.

"పోనీలే" అంటూ పెద్ద సిస్టర్ ఇద్దర్నీ ఒకేసారి క్షమించేసింది.