మావయ్యగారు పోసిన నీళ్ళు

మొన్న మా ఊరు ఫ్రిస్కోలో చలిగాలి విరుచుకుపడి, రోడ్లన్నీ గడ్డకట్టి, స్కూళ్ళు మూతపడిన వారంలో ఒక ఉదయం మా అమ్మాయి ఆఫీసుకని బయలుదేరి, వీధి మలుపు దాకా వెళ్ళిందో లేదో, కారును మెల్లగా వెనక్కి తెచ్చి ఇంటిముందు ఆపేసింది. వంటింటి కిటికీలోంచి చూస్తున్న నాకు బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి పైకి లేవడం కనిపించింది. బయట నీళ్ళు రాయైపోయే చలి, లోపల ఇంజిను మాత్రం సలసలా మరుగుతోంది. మంచు రాష్ట్రాల్లో కాపురం మొదలుపెట్టిన నా ఈడు వాళ్ళకి ఈ వింత కొత్తేమీ కాదు. నేను మాత్రం కిటికీ పక్క కుర్చీలో కూర్చుండిపోయాను, ఎందుకంటే ఆ ఆవిరి వెనకాల మా అమ్మాయి కనిపించలేదు, మఫ్లరు ఊపుతూ రోడ్డు మీద నిలబడ్డ మా మావయ్యగారు కనిపించారు.

మా ఆయనకి మొదటి ఉద్యోగం మిన్నెసోటాలో ఒక చిన్న ఊళ్ళో దొరికింది. అక్కడి చలి సంగతి ఎవరికైనా చెబితే కోతలు కోస్తున్నానని అనుకుంటారు గాని, తలస్నానం చేసి బయటికి వెళితే జుట్టు పుల్లల్లా విరిగేంత చలి. కార్లకి ముందునుంచి ఒక వైరు వేలాడుతుండేది, రాత్రి దాన్ని కరెంటు ప్లగ్గులో పెడితేనే తెల్లారి ఇంజిను కదిలేది. మేము కొనుక్కున్నది ఎవరో వాడి వదిలేసిన కారు. అంత పొడుగు కారును నేను అంతకు ముందు పెళ్ళి ఊరేగింపులో కూడా చూడలేదు. మా ఆయన కంప్యూటర్లు చదివిన మనిషే గాని కారు విషయంలో తాళంచెవి తిప్పడం, పెట్రోలు పోయించడం తప్ప ఇంకేమీ ఎరగరు, ఆ మాట అంటే ఒప్పుకునేవారూ కాదు.

పాపకి, అంటే ఇప్పటి ఈ అమ్మాయికే, రెండో ఏడు వచ్చాక మావయ్యగారు మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. అత్తయ్యగారు అప్పటికే లేరు. ఆయన కోస్తాలో మిషన్ ఆసుపత్రి జీపు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. గతుకుల రోడ్ల మీద పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళనీ, పాము కరిచిన వాళ్ళనీ ఆసుపత్రికి చేర్చడమే ఆయన జీవితం. రోజూ తెల్లవారగానే బానెట్ ఎత్తి రేడియేటరు నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, దాని మీద అరచెయ్యి పెట్టి ప్రార్థన చేసుకున్నాకే సీట్లో కూర్చునేవారట. తన బండి ఎక్కిన రోగిని ఏనాడూ దారిలో దించలేదన్నది ఆయనకున్న ఒకే ఒక్క గొప్ప, ఆ గొప్ప మాకు అన్నంతో పాటు వడ్డించేవారు.

శీతాకాలం మొదట్లో అక్కడ అప్పుడప్పుడూ ఎండ కాసి మంచు కరిగే రోజులు కొన్ని వస్తాయి. అలాంటి రోజున ఆయన మా కారు బానెట్ ఎత్తి చూశారు. రేడియేటర్లో నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి.

“చూశావా అమ్మాయ్, ఎలా పాచి పట్టిపోయిందో! ఎవడో బద్ధకస్తుడు ఇన్నేళ్ళూ నీళ్ళే మార్చలేదు,” అన్నారు.

ఆ పచ్చటిది పాచి కాదనీ, గడ్డకట్టకుండా కాపాడే మందనీ మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. ఆయన దాన్నంతా కిందికి వదిలేసి, పాలడబ్బాతో కుళాయి నీళ్ళు మోసుకెళ్ళి పోసి, కడిగి, మళ్ళీ పోసి, చివరికి మూత బిగించి అరచెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

ఆ వెంటనే అసలు చలి దిగింది. పాపకి దగ్గు పట్టుకుని, ఒక మధ్యాహ్నం ఊపిరి తీస్తే కుక్కపిల్ల అరుపులా వినిపించసాగింది. పక్క ఊళ్ళో పిల్లల డాక్టరు ఉన్నాడని అందరం కారెక్కాం. ఊరు దాటాక రెండు పక్కలా మంచు కప్పిన చేలు తప్ప ఇల్లన్నది లేదు. కారు హీటరులోంచి వెచ్చగా వస్తున్న గాలి ఉన్నట్టుండి చల్లబడింది. అద్దాల మీద లోపలివైపే మంచు పేరుకుంటుంటే, వేడి చూపించే ముల్లు మాత్రం ఎర్ర గీత వైపు లేచింది.

“ఈ చలిలో ఇంజిను వేడెక్కడమేంటి నాన్నా?” అన్నారు మా ఆయన.

“ఆపరా ముందు. ఆపకపోతే ఇంజిను పట్టేసి సీజైపోద్ది,” అన్నారు మావయ్యగారు.

దిగి బానెట్ ఎత్తగానే ఆవిరి ఆయన్ని పూర్తిగా కప్పేసింది. ఆయన వంగి రేడియేటరు అడుగున చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయారు. పైన ఇంజిను మరుగుతుంటే కింద నీళ్ళు గడ్డకట్టి రాయిలా ఉన్నాయని మాకు తర్వాత తెలిసింది గాని, అప్పుడు ఆయన ఎందుకలా ఉండిపోయారో నాకు అర్థం కాలేదు. తర్వాత వచ్చి తన కోటు విప్పి పాపకి చుట్టారు, తన గ్లవ్స్ తీసి నా చేతుల్లో పెట్టారు, మఫ్లరు ఊపుతూ రోడ్డు మధ్యలో నిలబడ్డారు. లోపలికి రమ్మని మా ఆయన ఎంత లాగినా రాలేదు. ఒడిలో పాప ఊపిరి శబ్దం, ఎదురుగా మంచు పట్టిన అద్దంలోంచి ఊగుతున్న ఆ చెయ్యి, ఇప్పటికీ చలి పెరిగిందంటే చాలు నాకు ఈ రెండే.

మంచు తోసే బండి ఒకటి వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. పాప దక్కింది. మావయ్యగారి వేళ్ళ కొసలు మాత్రం నల్లబడి, తర్వాత మానాయి గాని వాటికి స్పర్శ తిరిగి రాలేదు.

మెకానిక్కు అసలు సంగతి మా ఆయనకి చెప్పాడు. ఆ సాయంత్రం వంటింట్లో మేమిద్దరం గుసగుసగా మాట్లాడుకుని, ఇది తెలిస్తే ఆ ముసలి ప్రాణం తట్టుకోలేదని తేల్చుకున్నాం. పంపు పోయిందట నాన్నా అని మా ఆయన చెబితే, పాత బండి కదరా, పంపులు పోతుంటాయి అన్నారాయన. ప్రతి మరనీ పేరు పెట్టి పలకరించే మనిషి ఏ పంపు అని కూడా అడగలేదు. మేము బతికిపోయామనుకున్నాం. ఆయన పాలడబ్బాను కడిగి సింకు పక్కన బోర్లించారు. మళ్ళీ ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బానెట్ ముట్టుకోలేదు, ప్రార్థన కూడా గుమ్మంలోంచే చేసేవారు. చలికి భయపడ్డారు కాబోలు అనుకున్నాను.

ఆయన ఊరికి వెళ్ళిపోయారు, కొన్నేళ్ళకి ప్రభువు పిలుపూ అందుకున్నారు. ఆ రోజు మా ఆయన ఏడుస్తూనే, పోనీలే, నాన్నకి చివరిదాకా తెలియలేదు, అదే చాలు అన్నారు. కిందటేడు మా ఆయన కూడా అదే నమ్మకంతో వెళ్ళిపోయారు.

మొన్న ఆవిరి కక్కుతున్న కారును అక్కడే వదిలేసి లోపలికి వచ్చిన మా అమ్మాయి, ఫోన్‌లో ఏదో నొక్కి బండిని లాక్కెళ్ళే టో ట్రక్ పిలిచి, నా ముఖం చూసి దగ్గరికొచ్చి కూర్చుంది. చలిలో ఆవిరి చూస్తే నాకు తాతే గుర్తొస్తాడని నేను చెప్పకుండానే పసిగట్టింది.

“అమ్మా, తాతకి తెలుసు.”

చిన్నప్పుడు వేసవి సెలవులకి తాత ఊరికి వెళ్ళినప్పుడు, వేడి టీ గ్లాసు తాత అంతసేపు ఎలా పట్టుకున్నాడని అడిగిందట.

“తాత నాకు మొత్తం చెప్పాడు. నీళ్ళు నేనే పోశాను తల్లీ, చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది, అన్నాడు. మీ నాన్న నాకోసం పంపు అని అబద్ధం చెప్పాడు, వాడి ముందు తెలుసని ఎలా అంటాను, నువ్వూ అనకు అని ప్రామిస్ చేయించాడు. ఇప్పుడు నాన్న కూడా లేడు కదమ్మా. ఇంకా ఎవరికోసం దాచాలి?”

ఈ కాలం బళ్ళకి ఎవరూ నీళ్ళు పోయరు, బానెట్ ఎత్తే అవసరమే చాలామందికి రాదు. బండికి జబ్బు చేస్తే తెర మీద అక్షరాలు వస్తాయి, ఇంట్లో వాళ్ళకి జబ్బు చేస్తే పిల్లలు దాపరికం లేకుండా మొహం మీదే చెబుతారు. ఇదివరకు దాన్ని మోటు అనుకునేదాన్ని. మేము మాత్రం ఒకరినొకరు నొప్పించకూడదని అంత చిన్న ఇంట్లో ఆ చలికాలమంతా ముగ్గురం ఒకే సంగతి దాచుకుంటూ అన్నాలు తిన్నాం. మాకు తెలుసని ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని తెలియక మేము నోరు విప్పలేదు, అందుకే పర్వాలేదు మావయ్యగారూ అనే ఒక్క మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు.

టో ట్రక్ వచ్చేలోపు బయటికి వెళ్ళి, చల్లారుతున్న బానెట్ మీద అరచెయ్యి పెట్టి, ఆ మాట ఇప్పుడు అన్నాను.