ఉగాది కంబళి

పోయిన నెల నేను చేసిన బేరం మా వంశంలో ఇంకెవరూ చేసి ఉండరు: ఒక మనిషి తిన్న దెబ్బలన్నిటినీ ఐదు నిమిషాల్లో కొట్టేయించి, పైగా శభాష్ అనిపించుకున్నాను. కర్నూలు నుంచి కడపకు పోయే దారిలో పాత పల్లెను ఉన్నదున్నట్టు కట్టి, కుమ్మరి, కమ్మరి వేషాలు వేసిన మనుషులతో నడిపే ప్రదర్శనశాల ఒకటుంది. అమెరికాలో నల్లవాళ్ల బానిసత్వం పోయిన దినాన్ని ఇట్లాంటి చోటే ఆడి చూపిస్తారంట. అది చూసొచ్చిన నిర్వాహకుడు ఇక్కడా వెట్టి పోయిన దినం జరుపుదామన్నాడు. మా ఊరి జీతగాడు ఏసోబు కథ ఆడాలని, అందులో అంగడి నడిపే మా నాన్న వేషం నేనే కట్టాలని అనుకున్నారు. పిల్లలు చూస్తారు, చర్నాకోల వద్దని నిర్వాహకుడు; అది లేకపోతే కథే లేదని ఏసోబు కూతురు రూతమ్మ. నేను మధ్యలో దూరి, కంబళి ఉంటుంది, చర్నాకోల ఉండదని తెంచేసినాను. రూతమ్మ ఏమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టేనని మా అంగడి లెక్క.

ఆట పొద్దున ఆ ఉత్తుత్తి అంగట్లో కూర్చుని కొత్త కంబళి మడత విప్పేసరికి, గొర్రెబొచ్చు, చింతగింజల గంజి కలిసిన వాసన గుప్పుమని ముక్కుకు తగిలింది. ఆ వాసన మా ఇంట్లో ఉగాదికే వచ్చేది. వేపపూత రాలి అరుగంతా తెల్లగా పరుచుకుని, వంటింట్లో అమ్మ ఓళిగలు కాలుస్తుంటే నెయ్యి కమ్మగా మాడి, వాకిట్లో ఉప్పుబస్తా, బెల్లం దిమ్మలు, ఆముదం డబ్బా, కొక్కేనికి వేలాడే కొత్త చర్నాకోలలు, వీటన్నిటి మధ్య మా నాన్న కంబళ్లు పేర్చి, జీతగాళ్లను పెట్టుకునే భూముల ఆసాముల కోసం ఎదురుచూసేవాడు. ఉగాది నాడు ఆసామి మా అంగట్లో కంబళి కొని, ఊరందరి ముందర జీతగాని భుజాన వేస్తాడు. భుజాన పడిందా, ఇంకో ఏడు ఆ మనిషి అతనివాడు. ఏసోబు తండ్రి కప్పుకున్నాడు, ఏసోబు కప్పుకున్నాడు, ఇంకో ఏడు దాటితే ఏసోబు పెద్దకొడుకు వంతు.

ఏసోబు కథ జరిగింది, వెట్టి రద్దయిందని రేడియోలో చెప్పిన తర్వాత వచ్చిన ఉగాది నాడు. ఆసామి కంబళి చాపినాడు. ఏసోబు చేతులు వెనక్కి కట్టుకుని ఒక అడుగు జరిగినాడు. సరుకు చూసి వెనక్కి జరిగినవాడు ఇంకా మంచి సరుకు అడుగుతున్నట్టేనని మా నాన్నకు పుట్టుకతో వచ్చిన తెలివి. గబగబా ఇంకో రెండు కంబళ్లు దించినాడు.

"రంగు నచ్చల్యాదేమో సామీ. నల్లంచుది ఉండాది, చూపిస్తా."

అరుగు కింద నిలబడినవాళ్లు నవ్వినారు. ఆ నవ్వుకే ఆసామి మొహం నల్లబడింది. మా కొక్కెం మీది చర్నాకోల లాగినాడు.

"రేడియో పెడతాదేమిరా నీకు బువ్వ?"

మొదటి దెబ్బకు చొక్కా చినిగింది, తర్వాతి దెబ్బకు దాని కింది చర్మం. కంబళి భుజాన వేస్తాడు, ఏసోబు భుజం విదిలిస్తాడు, అది మట్టిలో పడుతుంది, చర్నాకోల లేస్తుంది. మళ్లీ కంబళి, మళ్లీ చర్నాకోల. అడ్డమొచ్చిన ఏసోబు పెండ్లాన్ని కడుపులో తన్నినాడు. నాతో అచ్చనగాయలాడే రూతమ్మ మా అరుగు స్తంభాన్ని కరుచుకుని ఉండిపోయింది. చర్నాకోల కొస ఒకసారి ఏసోబు మొహానికి చుట్టుకుని వచ్చేటప్పుడు ఎడమ కన్నును పట్టుకుని వచ్చింది. ఉప్పుబస్తా మీద పడిన నెత్తురు చూస్తుండగానే ఎర్రగా లోపలికి పాకింది. ఆసామికి చెయ్యి నొప్పిపుట్టి ఆగినాడు. ఏసోబు నిలబడే ఉన్నాడు.

"కంబళి నీదే సామీ. బుజం నాది."

అంతే, పెండ్లాన్ని లేపుకుని, రూతమ్మ చెయ్యి పట్టుకుని చర్చి వైపు నడిచినాడు. ఆ వారంలోనే వాళ్ల గుడిసె కాలింది. వాళ్లు బద్వేలు పక్కకు వలసపోయినారు.

ఇక్కడ నా ఆట చూడండి. చర్నాకోల లేదు కదా, ఏసోబు వేషగాడు వెనక్కి జరిగినాడు, నేను నల్లంచు కంబళి తీసినాను, జనం పొట్టలు పట్టుకుని నవ్వినారు. నాకూ హుషారొచ్చి ఇంకో కంబళి తీసినాను. ముందు వరసలో రూతమ్మ లేచింది.

"నవ్వండప్పా. ఆ పొద్దు గూడా ఇట్లే నవ్వినారు. మా నాయన కంబళి రంగు నచ్చక వెనక్కి పోల్యా."

నిలబడే, వాళ్ల నాయన తిన్న దెబ్బలన్నీ చెప్పింది. నేను కంబళి పట్టుకుని విన్నాను. ఒక్క పిల్లోడూ లేచి బయటికి పోలేదు.

ఇప్పుడు మా ఊర్లో కంబళ్లు నేసే మగ్గాలు లేవు, మా అంగడి చోట సెల్ ఫోన్లు బాగుచేసే కొట్టుంది, ఉగాదికి ఎవరూ ఎవరి భుజమూ అడగరు. కాబట్టి లెక్క ఉన్నదున్నట్టు చెప్తాను. ఆసామికి పోయింది ఒక జీతగాడు. వారం తిరక్కముందే ఇంకొకణ్ణి తెచ్చుకున్నాడు. మా నాన్నకు పోయింది ఒక చర్నాకోల. దాని దుడ్లు ఆసామి పంపిస్తే లెక్కపెట్టి తీసుకున్నాడు. ఏసోబుకు పోయింది ఒక కన్ను, ఒక గుడిసె, పుట్టిన ఊరు. రూతమ్మకు పోయింది బడి. వాళ్లకు దక్కింది, ఆ పెద్దకొడుకు జీతానికి పోకపోవడం.

నాకు పోయింది ఏమీ లేదు.