గుండు మీద తెగిన చార

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి బయటికి పోయే మనిషిని నేను. ఇప్పుడు చెప్పబోయేది జరిగిన తర్వాత కూడా అంతే. ఇది రాసినందుకు ముసలితనంలో దారికొచ్చాడని ఎవరైనా అనుకుంటే, ఆ ఆశ ఇక్కడే వదులుకోవచ్చు.

అరవయ్యో దశకం మొదట్లో మక్తల్ బజారులో ఒక గది కిరాయికి తీసుకుని ఫోటో స్టూడియో పెట్టాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళి సంబంధాలకు ఫోటో కావాలనేవాళ్ళే. ఊపిరి బిగబట్టి, కొయ్యబారి కూర్చునేవాళ్ళు. ఆ ముఖాలు చూసీ చూసీ విసుగు పుట్టి, తీరిక దొరికిన పొద్దున కెమెరా పట్టుకుని ఊరవతల గుట్టలకు పోయేవాణ్ణి. ఆకాశం పడకుండా, చెట్టూ చేమా పడకుండా, గుండ్లను, అంటే పెద్ద బండరాళ్ళను, బాగా దగ్గరగా తీసేవాణ్ణి. వాన కారిన నల్లటి చారలు, పగుళ్ళు, తెల్లటి మచ్చలు. చూసేవాడికి అది కొండో గులకరాయో తెలియకూడదు. అదీ నా సరదా.

వాటిని పెద్దవి చేసి స్టూడియో గోడకు తగిలిస్తే బజారంతా నవ్వింది. "గుండ్లకు గూడ సంబంధాలు జూస్తున్నవా సారూ?" అని ఎదురు దుకాణం కిరాణా సేటు రోజూ అడిగేవాడు. అవును, నీకంటే కదలకుండా కూర్చుంటున్నాయి అనేవాణ్ణి.

వాటిలో ఒకటి నాకు చాలా ఇష్టం. బూడిదరంగు రాతి మీద నిలువుగా ఒక నల్లటి మరక, దానికి కుడివైపు కిందిదాకా జారిన చార, ఎడమవైపు సగంలోనే తెగిపోయిన చార. ఆ తెగిన చార కోసమే దాన్ని పెద్దది చేశాను. స్టూడియో పెట్టిన ఏడాది వానాకాలంలో తీసిన ఫోటో అది.

రెండేళ్ళు గడిచాక ఒకరోజు దగ్గరి పల్లె నుంచి తిమ్మప్ప అనే రైతు వచ్చాడు. వెంట తమ్ముడి భార్య నర్సమ్మ. తమ్ముడు బాలప్ప, కూలీలను పోగుచేసి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట దూరాన డ్యాం పనికి పోయి మళ్ళీ రాలేదు. మధ్యలోనే గుంపు విడిచి ఎటో పోయాడని తిరిగొచ్చినవాళ్ళు చెప్పారు. కబురు లేదు. చనిపోయాడని తిమ్మప్ప తేల్చేశాడు. కర్మ చేసి గాజులు తీసేస్తే, పిల్లలు లేని నర్సమ్మ పుట్టింటికి పోవాలి, ఆమె వంతు చెలక భూమి తిమ్మప్ప చెలకలో కలవాలి. ఇందులో దాపరికం ఏమీ లేదు, అందరికీ తెలిసిందే.

అప్పట్లో మా వృత్తిలో ఒక పద్ధతి ఉండేది. పోయినవాడికి ఫోటో లేకపోతే పోలిక ఉన్న అన్ననో తమ్ముణ్ణో కూర్చోబెట్టి తీసేవాళ్ళం. మీసం, కనుబొమలు బ్రష్షుతో దిద్దితే, ఇంటివాళ్ళు దానికి దండ వేసుకునేవాళ్ళు. తిమ్మప్ప అందుకే వచ్చాడు. ముఖం తనది, మీసం తమ్ముడిది. ఆ మీసం ఎట్లా ఉండేదో చెప్పడానికి నర్సమ్మను తెచ్చాడు.

తిమ్మప్ప కుర్చీలో కూర్చున్నాడు. మీసం సంగతి నర్సమ్మను అడిగాను. ఆమె గోడ వైపు చూస్తోంది.

"నా పెనిమిటి గాడున్నడు," అంది, తెగిన చార ఉన్న ఫోటో చూపించి.

అది రాయమ్మా అన్నాను.

"రాయని నాకెరుకనే అన్నా. గని అటు మొకం జేసి గాయన నిలబడే తీరు గదే. బతికే ఉన్నడు. ఎడమచెయ్యి పోయింది. మొకం జూపనీకె సిగ్గయ్యి వస్తలేడు."

నాకు ఒళ్ళు మండింది. ఎవరూ లేని చోటు అని ఏరికోరి తీసిన ఫోటోలో మొగుణ్ణి చూస్తోంది ఈమె. తిమ్మప్ప లేచి నిలబడ్డాడు. "సచ్చినోళ్ళే రాళ్ళల్ల కనవడ్తరు. గా ఫోటో తీసెయ్ సారూ, నా ఫోటో జేసియ్యి," అన్నాడు.

ఆమె మాట నేను నమ్మలేదు. కానీ నా గోడ మీద ఏముండాలో చెప్పడానికి వాడెవడు? రాయి దిగదు, నీ ఫోటో నేను చెయ్యను, వేరే ఊరు చూసుకో అన్నాను. అది దయ కాదు, మొండితనం.

భార్య బతికే ఉన్నాడంటుంటే వేరే ఊళ్ళో ఫోటో చేయించి కర్మ చేస్తే ఊరు గుసగుసలాడుతుందని తిమ్మప్ప వెనకాడాడు. ఈలోగా నర్సమ్మ ఊరుకోలేదు. పనులకు పోయే గుంపులు బజారులో ఆగినప్పుడల్లా వచ్చి ఒకటే కబురు చెప్పేది. "బాలప్ప అనేటోడు కనవడితే, చెయ్యి లేకున్నా సరే ఇంటికి రమ్మన్నదని చెప్పుండ్రి." జనం ఆమెకు పిచ్చి అన్నారు. నేనూ అన్నాను.

ఎండాకాలం రాకముందే బాలప్ప వచ్చాడు.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ స్టూడియోకు వచ్చారు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. ఎడమ భుజం మీంచి దుప్పటి కప్పుకున్నాడు. గుంపు విడిచాక ఒక రాళ్ళ క్వారీలో మందు పేలి మోచేతి కింద చెయ్యి పోయిందట. దవాఖానలో తన పేరు కూడా మార్చి చెప్పాడట. మన వైపు మనిషి ఒక్కడూ లేడు అక్కడ. ఒంటి చేత్తో అరక ఎట్లా పట్టేదని ఇంటికి రాలేదు. చివరికి ఎవరో ముక్కూమొహం తెలియని కూలి ఈ కబురు చెబితే, చెయ్యి సంగతి ఆమెకు ఎట్లా తెలిసిందని బెదిరి బయల్దేరి వచ్చాడు.

ఫోటో తీయమన్నారు. బాలప్ప దుప్పటి సర్దుకుని నిలబడ్డాడు. నర్సమ్మ దాన్ని లాగేసింది.

"రాయే దాయలే, నువ్వెందుకు దాస్తవు?"

ఆ చెయ్యి వైపు చూశాను, గోడ మీది తెగిన చార వైపు చూశాను. నెగెటివ్ తీసి దీపానికి పట్టి చూశాను. చార తెగే ఉంది. అది తీసిన వానాకాలంలో బాలప్ప రెండు చేతులతో ఊళ్ళో దున్నుకుంటున్నాడు. ఆ తర్వాతి ఉగాది దాటాకే ఊరు విడిచాడు.

మబ్బుల్లో మనుషులు కనబడటం మనసు చేసే గారడీ అని చదువుకున్నవాళ్ళు చెబుతారు. నాకూ తెలుసు. మరి చెయ్యి తెగకముందే తీసిన ఫోటోలో తెగిన చెయ్యి ఆమె కంటికి ఎట్లా కనబడింది? దీనికి జవాబు ఒక్కరూ చెప్పలేదు, నాకూ దొరకలేదు.

ఆ తర్వాత తప్పిపోయినవాళ్ళ తాలూకు జనం నా గోడ ముందు నిలబడి కళ్ళు చికిలించేవాళ్ళు. ఇవి రాళ్ళు, ఇంటికి పొండి అని గట్టిగా చెప్పి పంపేవాణ్ణి. ఆ ఫోటో మాత్రం దించలేదు. గుట్టలకు పోవడం మానలేదు. తాయెత్తు కట్టించుకోలేదు.

నర్సమ్మ ఏం చూసిందో నాకు తెలియదు. తెలియదనడానికి నాకు నామోషీ ఏమీ లేదు. దయ్యమని మాత్రం నా నోట అనిపించలేరు.